సూదికి ముందు చెయ్యి

"డాక్టరు గారూ, ఆవు ఎదకు రావట్లేదు. ఏదైనా హార్మోన్ సూది వేయండి." పశువుల డాక్టరుగా నేను ఎక్కువగా వినే మాట ఇదే. జబ్బు వాళ్లే చెప్తారు, మందు కూడా వాళ్లే చెప్తారు. నాకు మిగిలేది సిరంజి నింపడమే. అయినా నేను ప్రశ్నలు మొదలుపెడతాను. ఈని ఎన్నాళ్లైంది? మాయ దానంతట అదే పడిందా, తీయించారా? ఆఖరిసారి ఎదకు ఎప్పుడు వచ్చింది? అప్పుడు కృత్రిమ గర్భధారణ చేయించారా? రోజూ పశువుల్ని కనిపెట్టి చూసేది ఎవరు? ఇంత ఆరా దేనికని కొందరు విసుక్కుంటారు. పక్కూరి డాక్టరైతే ఈపాటికి సూది వేసి వెళ్లిపోయేవాడని ముఖం మీదే అనేవాళ్లూ ఉన్నారు.

నేను హార్మోన్లకు వ్యతిరేకిని కాను. నా మందుల పెట్టెలో ఎప్పుడూ ఉంటాయి. వాటితో చూలు కట్టిన ఆవుల్ని చాలానే చూశాను. నా గొడవంతా చెయ్యి పెట్టి చూడకుండా వేసే సూది గురించే. ఇంకో మాట కూడా చెప్పాలి. హార్మోన్ చికిత్స కోసం నా దగ్గరికి వచ్చే ఆవుల్లో చాలావాటి అండాశయాలు శుభ్రంగా పనిచేస్తుంటాయి. వాటికి ఎద వచ్చింది, పోయింది, ఎవరూ చూడలేదు. అలాంటి ఆవుకు వేసే సూది ఆవు లోపానికి కాదు, మన కంటి లోపానికి. అలా వేయడం తప్పని నేననను. కానీ ఎందుకు వేస్తున్నామో తెలిసి వేయాలి.

ఎద చక్రం సగటున 21 రోజులు. 18 నుంచి 24 మధ్య ఎక్కడున్నా మామూలే. అండాశయం మీద ఒక ఫాలికిల్, అంటే అండం ఉన్న నీటిబుడగ, పెరిగి ఈస్ట్రోజన్ అనే హార్మోన్ వదులుతుంది. దాంతో ఆవు అరుస్తుంది, మేత తగ్గిస్తుంది, తోటి ఆవుల మీద ఎక్కుతుంది, తన మీద ఇంకొకటి ఎక్కితే కదలకుండా నిలబడుతుంది. మానం నుంచి తేటగా, తెగకుండా సాగే తీగలు వేస్తుంది. అదే ఈస్ట్రోజన్ మెదడును కూడా తడుతుంది. మెదడు నుంచి జీఎన్‌ఆర్‌హెచ్ అనే హార్మోన్, దాని మాట విని మెదడు కింది పిట్యూటరీ గ్రంథి నుంచి ఎల్‌హెచ్ అనే ఇంకో హార్మోన్ ఒక్కసారిగా ఉబికి వస్తాయి. ఎద లక్షణాలు ఆగాక ఇంచుమించు 10 నుంచి 14 గంటలకు అండం విడుదలవుతుంది. పగిలిన ఫాలికిల్ ఉన్న చోటే కార్పస్ లూటియం తయారవుతుంది. మేం దాన్ని పొట్టిగా సీఎల్ అంటాం. అది ప్రొజెస్టిరాన్ అనే హార్మోన్ వదిలినంత కాలం కొత్త ఎద రాదు. గర్భకోశంలో పిండం లేకపోతే 17వ రోజు ప్రాంతంలో గర్భకోశమే ప్రోస్టాగ్లాండిన్ పంపి సీఎల్‌ను కరిగించేస్తుంది. పిండం ఉంటే, అది ఇంటర్‌ఫెరాన్ టౌ అనే ప్రొటీన్‌తో ఆ పంపకాన్ని ఆపించి తన ప్రాణం తానే కాపాడుకుంటుంది.

మనం వాడే సూదులు దాదాపు అన్నీ ఈ వరుసలో ఉన్నవే. కొత్త పదార్థాలేమీ కావు. హార్మోన్ అంటే ఒంటికి బలమిచ్చే టానిక్ లాంటిదని చాలామంది అనుకుంటారు. కాదు, అది కబురు మాత్రమే. ఆ కబురు అందుకుని పనిచేసే స్థితిలో అండాశయం లేకపోతే సూది వేసినా వేయనట్టే.

చెయ్యి పెట్టి చూస్తే ఏం తెలుస్తుందో చెప్తాను. భుజం దాకా గ్లవ్ తొడిగి, నూనెలాంటిదేదో రాసుకుని, పేడ దారిలోంచి చెయ్యి పెడతాం. ముందు పేడ బయటికి లాగాలి. లేకపోతే వేళ్లకు ఏదీ ఆనదు. లోపలి కండరం బిగుసుకున్నప్పుడు చేతిని అలాగే ఉంచి, వదులయ్యేదాకా ఆగాలి. తొందరపడి తోస్తే పేగు గోడ చిరుగుతుంది. కటి ఎముక అంచు మీద గర్భకోశ ముఖద్వారం గట్టిగా, గొట్టంలా తగులుతుంది. అక్కణ్నుంచి ముందుకు వెళ్తే గర్భకోశం రెండు కొమ్ములుగా చీలుతుంది. ఆ కొమ్ముల పక్కగా కిందికి జారితే అండాశయం వేళ్ల మధ్యకు వస్తుంది. దాన్ని బొటనవేలితో మెల్లగా తడమాలి. ఒక ఆవులో అండాశయం మీద గట్టిగా, బయటికి పొడుచుకొచ్చిన బుడిపె తగులుతుంది. అదే సీఎల్. అంటే ఈ ఆవు ఈమధ్యే అండం వదిలింది, ఎద చక్రం నడుస్తోంది. ఇంకో ఆవులో రెండు అండాశయాలూ చిన్నగా, నున్నగా, చదునుగా ఉంటాయి. వాటి మీద ఏమీ ఉండదు. పది రోజుల తర్వాత మళ్లీ చూసినా అంతే. ఇదీ అసలైన ఎద లేమి.

రైతు దృష్టిలో ఈ రెండు ఆవులదీ ఒకే జబ్బు: ఎదకు రావట్లేదు. మొదటిదానికి ఒక్క ప్రోస్టాగ్లాండిన్ సూది వేస్తే రెండు నుంచి ఐదు రోజుల్లో ఎదకు వస్తుంది. రెండోదానికి అదే సూది పది వేసినా దండగే. కరిగించడానికి అక్కడ సీఎల్ ఉంటే కదా. ఈ తేడా సీసా మీది లేబుల్ చూస్తే తెలియదు, ఫోన్‌లో వినిపించే లక్షణాలను బట్టీ తెలియదు. చెయ్యి పెట్టాలి, లేదా అల్ట్రాసౌండ్ స్కానింగ్ చేయాలి. అల్ట్రాసౌండ్ ఉంటే ఇంకా మంచిది. చేతికి సీఎల్ అనిపించింది ఒక్కోసారి ఫాలికిల్ అవుతుంది, అనుభవం ఉన్నవాళ్లకి కూడా.

ప్రోస్టాగ్లాండిన్ గురించి ఇంకొంచెం చెప్పాలి, ఎక్కువగా దుర్వినియోగం అయ్యేది అదే కాబట్టి. సీఎల్ పుట్టిన మొదటి ఐదారు రోజులు ఈ మందుకు లొంగదు. 17వ రోజు తర్వాత ఎలాగూ దానంతట అదే కరుగుతుంది. కాబట్టి పనిచేసేది మధ్య రోజుల్లోనే. చక్రంలో ఎక్కడున్నాయో తెలియని పశువులకు 11 నుంచి 14 రోజుల ఎడంతో రెండుసార్లు వేయడంలో కిటుకు ఇదే. మొదటి సూదికి లొంగనివి రెండోదానికి లొంగుతాయి. ఇక్కడి దాకా బాగానే ఉంది. కానీ చూడి ఆవుకు ఈ సూది పడితే చూలు పోతుంది. మొదటి నాలుగైదు నెలలు ఆ చూలును నిలబెట్టేది సీఎల్ ఇచ్చే ప్రొజెస్టిరానే మరి. ఎదకు రావట్లేదని తీసుకొచ్చిన ఆవులో చెయ్యి పెడితే, నీళ్లతో నిండిన గర్భకోశం, దాని గోడ మీద వరసగా బొత్తాల్లాంటి గడ్డలు తగిలిన సందర్భాలు నాకున్నాయి. అవి ఇంచుమించు మూడు నెలలు నిండిన చూలు గుర్తులు. ఎప్పుడో గర్భధారణ చేయించారు, తేదీ రాసుకోలేదు, మర్చిపోయారు. ఆవు ఎదకు రాకపోవడానికి అన్నిటికంటే మామూలు కారణం చూలేనని ఎవరికీ గుర్తుండదు. ఆ రోజు పరీక్ష చేయకుండా సూది వేసి ఉంటే దూడ పోయేది, ఆవు ప్రాణానికీ ముప్పు వచ్చేది.

ఇంకో జాగ్రత్త. ఈ మందు చర్మం గుండా కూడా లోపలికి పోతుంది. గర్భిణులు, ఆస్తమా ఉన్నవాళ్లు దీన్ని ముట్టుకోకూడదు. ఈ సంగతి మందు పెట్టె లోపల కాగితం మీద చిన్న అక్షరాల్లో ఉంటుంది, పాకలో పనిచేసే ఆడవాళ్లకి ఎవరూ చెప్పరు.

ఇప్పుడు ఆవ్‌సింక్ సంగతి. 1995లో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు పర్స్‌లీ, మీ, విల్ట్‌బ్యాంక్ ప్రచురించిన పద్ధతి ఇది. మొదటి రోజు జీఎన్‌ఆర్‌హెచ్, ఏడు రోజులకు ప్రోస్టాగ్లాండిన్, ఆ తర్వాత రెండు రోజులకు మళ్లీ జీఎన్‌ఆర్‌హెచ్, అక్కణ్నుంచి 16 నుంచి 20 గంటల్లో గర్భధారణ. మొదటి సూది అప్పటికే ఉన్న ఫాలికిల్‌ను పగలగొట్టి, ఫాలికిళ్ల కొత్త అలను మొదలుపెడుతుంది. రెండోది సీఎల్‌ను కరిగిస్తుంది. మూడోది అండం విడుదలయ్యే వేళను ఖాయం చేస్తుంది. ఎద కనిపించిందా లేదా అన్న ప్రశ్నే ఉండదు, గడియారం చూసి వీర్యం ఎక్కించడమే. ఇందులో తెలివి నిజంగా మెచ్చుకోదగ్గది. జీఎన్‌ఆర్‌హెచ్ అణువు నిర్మాణం తేల్చడానికి షాలీ, గిల్లెమిన్ అనే శాస్త్రవేత్తల బృందాలు లక్షల పందుల, గొర్రెల మెదడు ముక్కల్ని వడగట్టాల్సి వచ్చింది. దానికి 1977లో నోబెల్ బహుమతి కూడా వచ్చింది. అంత కష్టపడి దొరికిన పదార్థం ఇప్పుడు ఏ పాకలోనైనా రెండు చుక్కల్లో పని చేసిపెడుతోంది.

మరి ఫలితం? మామూలుగా వందకు 30 నుంచి 40 ఆవులు చూలు కడతాయి. ఎదను సరిగ్గా చూసి సరైన వేళకు గర్భధారణ చేయించినా పాడి ఆవుల్లో ఇంచుమించు అంతే. అంటే ఈ పద్ధతి ఆవు సత్తువను పెంచలేదు. ఎద కనబడక వదిలేసిన ఆవుల్ని కూడా వరసలోకి తెచ్చింది, దాని గొప్పతనం అదే. వందల ఆవులున్న డెయిరీలో ఇది పెద్ద లాభం. పైగా బాగా పాలిచ్చే ఆవులకు ఎద మరీ పొట్టిగా ఉంటుంది. ఎక్కువ మేత తినే ఆవులో కాలేయానికి రక్తం ఎక్కువగా వెళ్తుంది, అక్కడ ఈస్ట్రోజన్ త్వరత్వరగా విరిగిపోతుంది. రోజుకు 40 కిలోలకు పైగా పాలిచ్చే ఆవుల్లో నిలబడే ఎద సగటున ఆరేడు గంటలకు మించడం లేదని కొలిచి చూశారు. అదీ చాలాసార్లు రాత్రివేళే. అలాంటి ఆవును ఎద చూడలేదని యజమానిని తిట్టి లాభం లేదు.

మూడు నాలుగు ఆవులున్న చోట మాత్రం నేను వెంటనే ఆవ్‌సింక్ రాయను. ముందు ఒక 21 రోజులు పొద్దున, మధ్యాహ్నం, రాత్రి పడుకునే ముందు, ప్రతిసారీ ఓ ఇరవై నిమిషాలు కూర్చుని చూడమంటాను. పాలు పితికేటప్పుడు ఓ కన్ను వేయడం చూడటం కాదు. అప్పుడు ఆవు ధ్యాసంతా దాణా మీద ఉంటుంది, మనిషి ధ్యాస బకెట్ మీద. కట్టేసి ఉంచే ఆవుల్ని ఆ కాసేపైనా విప్పాలి, కట్టుకొయ్యకున్న ఆవు ఎవరి మీద ఎక్కుతుంది? గేదెలతో ఇంకా కష్టం. మూగ ఎద వాటికి సహజం, ఒకదాని మీద ఒకటి ఎక్కడం అరుదు. తీగ, మూత్రం మాటిమాటికీ పోయడం, పాలు దాచుకోవడం, వీటితోనే పోల్చుకోవాలి. పొద్దున ఎద కనిపిస్తే సాయంత్రం, సాయంత్రం కనిపిస్తే మర్నాడు పొద్దున గర్భధారణ అన్న లెక్క 1940ల్లో నెబ్రాస్కాలో ట్రింబర్గర్ చేసిన పరిశీలనల నుంచి వచ్చింది. ఇప్పటికీ దానికి ఢోకా లేదు.

ఇక నున్నటి అండాశయాల ఆవు దగ్గరికి వద్దాం. నా వాదనలో అసలు బరువు దాని మీదే ఉంది. ఈనిన మొదటి వారాల్లో ఆవు తినేదాని కంటే పాలలో పోయేది ఎక్కువ. ఒంటి కొవ్వు కరిగించుకుని పాలిస్తుంది. రక్తంలో ఇన్సులిన్, దాన్ని పోలిన ఐజీఎఫ్-1 అనే హార్మోన్ పడిపోతాయి. పిట్యూటరీ నుంచి రావలసిన ఎల్‌హెచ్ తడవలు పలచబడతాయి. ఫాలికిళ్లు మొలుస్తూనే ఉంటాయి, పండే సైజుకు రాకుండా వాడిపోతుంటాయి. ఇది జబ్బు కాదు. ఇంకో దూడను మోసే స్తోమత ఇప్పుడు లేదని ఒళ్లు చేసుకున్న నిర్ణయం. ఆ నిర్ణయాన్ని సూదితో తిరగరాయాలనుకోవడమే నాకు నచ్చని పని. ఎముకలు లెక్కపెట్టేలా ఉన్న ఆవుకు ప్రొజెస్టిరాన్ పరికరం పెట్టి ఏడెనిమిది రోజులకు తీస్తే, ఒకవేళ ఎదకు వచ్చినా చూలు నిలిచే ఆశ తక్కువ. నిలిచిన దాంట్లోనూ కొంత మధ్యలో జారిపోతుంది.

అదే ఆవు కాస్త కోలుకుని, బరువు పుంజుకునే దారిలో ఉండి, అండాశయం మీద చెప్పుకోదగ్గ ఫాలికిల్ తగులుతుంటే ఆ పరికరమే బ్రహ్మాండంగా పనిచేస్తుంది. యోనిలో పెట్టే ఆ పరికరం నుంచి మెల్లగా ప్రొజెస్టిరాన్ ఊరుతుంది. దాన్ని తీసేయగానే పడిపోయే ప్రొజెస్టిరాన్, మొద్దుబారిన మెదడును లేపుతుంది. ఎద లేని ఆవుకు నేను ముందుగా ఆలోచించేది దీన్నే. ప్రోస్టాగ్లాండిన్‌ను కాదు.

మేత సంగతి చెప్తే ముఖాలు వాలిపోతాయి. సూది ఒక్క రోజు పని, మేత నెలల పని. చిన్న ఫాలికిల్ మొలిచి అండం వదిలే దాకా పెరగడానికి రెండు మూడు నెలలు పడుతుంది. ఈ నెలలో విడుదలయ్యే అండం నాణ్యతకు, ఆవు ఈనిన కొత్తలో ఏం తిన్నదన్నదానికి సంబంధం ఉంది. కాబట్టి నేను చూలు నెలల్లోనే మొదలుపెట్టమంటాను. ఆఖరి రెండు నెలలు పాలు ఆపేయాలి, ఆవు మరీ బక్కగానూ మరీ బలిసిపోయీ ఈనకూడదు, నట్టల మందు పడాలి, ఖనిజ లవణ మిశ్రమం రోజూ అందాలి. బలిసిన ఆవు ఈనాక మేత మానేసి ఇంకా వేగంగా చిక్కిపోతుంది, ఇది చాలామంది నమ్మరు. ఫాస్ఫరస్, రాగి, జింక్ లోపాలు ఉన్న పశువుకు ఏ హార్మోనూ వాటి బదులు పనిచేయదు.

తిరగపొర్లే ఆవులది వేరే కథ. ఎద చక్రం సక్రమంగా ఉంటుంది, పైకి ఏ లోపమూ కనబడదు, మూడుసార్లు పైబడి వీర్యం ఎక్కించినా నిలవదు. ఇక్కడ హార్మోన్ ఇవ్వాలన్న ఒత్తిడి విపరీతం. గర్భధారణ వేళకు జీఎన్‌ఆర్‌హెచ్ ఇస్తే అండం విడుదల ఆలస్యమయ్యే ఆవులకు కొంత ఉపకారం ఉంది, నేనూ ఇస్తాను. కానీ నేను ముందు అనుమానించేది ఆవును కాదు. వీర్యం మైనస్ 196 డిగ్రీల ద్రవ నత్రజనిలో ఉండాలి. అది నింపిన సన్నటి గొట్టాన్ని, అంటే స్ట్రాను, బయటికి తీశాక 35 నుంచి 37 డిగ్రీల నీళ్లలో అర నిమిషం పైన ఉంచి కరిగించాలి. దాన్ని అరచేతుల మధ్య రుద్దో, చొక్కా జేబులో పెట్టో కరిగించినవాళ్లను నేను చూశాను. ఆ తర్వాత నిందంతా ఆవు మీద. నత్రజని నింపే తేదీ దాటిన కంటైనర్, తప్పు వేళ, తప్పు చోట వదిలిన వీర్యం, ఇవన్నీ తేలాకే ఆవు వంతు.

ఆవు వంతు వచ్చినప్పుడు తీగను చూడండి. తేటగా ఉండాలి. అందులో తెల్లటి పీచులు, చీము చారలు ఉంటే గర్భకోశంలో మంట ఉంది. సీఎల్ ఉంటే ప్రోస్టాగ్లాండిన్ ఇక్కడ నిజంగానే మందు. ఎదను త్వరగా రప్పించి గర్భకోశాన్ని కడిగేసుకునే అవకాశం ఆవుకే ఇస్తుంది. మంద మొత్తంలో చూళ్లు పోతుంటే మాత్రం హార్మోన్ మాట పక్కన పెట్టి బ్రుసెల్లోసిస్ లాంటి అంటురోగాలకు రక్త పరీక్ష చేయించాలి. కోడెదూడతో కవలగా పుట్టిన పెయ్య అయితే పదింట తొమ్మిదింటికి పైగా పుట్టుకతోనే గొడ్డుబోతు. దాని మీద ఒక్క సూదీ ఖర్చు పెట్టకండి.

అండాశయం మీద నీటితిత్తులకు జీఎన్‌ఆర్‌హెచ్, వారం తర్వాత ప్రోస్టాగ్లాండిన్. ఇందులో పెద్ద వివాదం లేదు.

వివాదం ఉన్నది పాలు తాగేవాళ్ల వైపు. ఆవుకు హార్మోన్ ఇచ్చారు అనగానే పాలు విషమైనట్టు మాట్లాడతారు. ఇందులో మూడు వేర్వేరు సంగతులు కలగాపులగం అవుతున్నాయి. పాల దిగుబడి పెంచడానికి ఇచ్చే బీఎస్‌టీ ఒకటి. దాన్ని అమెరికా 1993లో అనుమతించింది, కెనడా 1999లో వద్దంది, యూరోపియన్ యూనియన్ నిషేధించింది. చేపు కోసం పూటపూటా పొడిచే ఆక్సిటోసిన్ ఇంకొకటి. ఆ అలవాటు ఆవును హింసించడమే, దాన్ని నేను సమర్థించను. చూలు కోసం రెండు మూడుసార్లు ఇచ్చే సూది మూడోది. సహజ ప్రోస్టాగ్లాండిన్ ఒంట్లో నిమిషాల్లో విరిగిపోతుంది, కృత్రిమమైనది గంటల్లో. జీఎన్‌ఆర్‌హెచ్ చిన్న ప్రొటీన్ ముక్క, ఎవరైనా తాగినా కడుపులోనే అరిగిపోతుంది. ప్రొజెస్టిరాన్ ఎలాగూ ప్రతి చూడి ఆవు పాలలో ఉంటుంది. పాల భయంతో ప్రోస్టాగ్లాండిన్, జీఎన్‌ఆర్‌హెచ్, ప్రొజెస్టిరాన్‌లను వద్దనేవాళ్లతో నేను ఏకీభవించను.

ఈస్ట్రోజన్ రకమైన ఈస్ట్రడయాల్ విషయంలో అంత ధీమాగా మాట్లాడలేను. యూరోపియన్ యూనియన్‌లో తిండికోసం పెంచే పశువులకు అది నిషిద్ధం. బ్రెజిల్‌లో ఆవుల్ని ఒకేసారి ఎదకు తెచ్చే పద్ధతుల్లో విరివిగా వాడారు. వేరే దారి ఉండగా నేను దాని జోలికి పోను. పీఎంఎస్‌జీ అనే హార్మోన్ మీద నా అభ్యంతరం వేరే రకం. ఎద లేని ఆవుల్లో ఫాలికిల్‌ను పెంచడానికి బాగా పనికొస్తుంది, నిజమే. కానీ అది చూడి గుర్రాల రక్తం నుంచి వస్తుంది. అర్జెంటీనా, ఉరుగ్వే, ఐస్‌లాండ్‌లలో ఇందుకోసమే గుర్రాల్ని పెంచి, చూలు నిలిచిన రెండో నెల నుంచి రక్తం తీస్తారు. ఒక జీవికి చూలు నిలబెట్టడానికి ఇంకో చూడి జీవిని పిండటం నాకు మింగుడు పడదు. మందు పనితనానికి సంబంధం లేని అభ్యంతరమని తోటి డాక్టర్లు అంటారు. సరే, సంబంధం లేకపోతే లేకపోయె.

మా వైపు తప్పు కూడా చెప్పాలి. చెయ్యి పెట్టి చూసి, "దీనికి సూది అక్కర్లేదు, ఇరవై రోజులు ఆగి చూద్దాం" అని చెప్పిన డాక్టరుకు ఏమీ చేయలేదన్న పేరొస్తుంది. చూడకుండా సూది పొడిచినవాడికి వైద్యం చేశాడన్న పేరొస్తుంది. ఆవు ఎలాగూ 21 రోజుల్లోపు ఎదకు వస్తుంది కాబట్టి సూది పనిచేసిందని కూడా అనుకుంటారు. ఈ లెక్క తెలిసిన మందుల కంపెనీ మనిషి పరీక్ష గురించి ఎందుకు మాట్లాడతాడు?

అందుకే నన్ను పిలిచేవాళ్లకు ముందే చెప్తున్నాను, గోడ మీద బొగ్గుతోనైనా సరే ప్రతి ఆవుకూ ఈనిన తేదీ, ఎద తేదీలు, గర్భధారణ తేదీలు రాసి ఉంచండి. ఈని 60 రోజులు దాటినా ఎద కనబడకపోతే పిలవండి, ఆరు నెలలు ఆగకండి. గర్భధారణ చేయించాక 18 నుంచి 24 రోజుల మధ్య మళ్లీ ఎద వస్తుందేమో చూడండి. రాకపోతే సంతోషించి ఊరుకోకుండా, స్కానింగ్ అయితే 30 రోజులు దాటాక, చేత్తో అయితే రెండు నెలలకు చూడి పరీక్ష చేయించండి. ఖాళీ అని తేలితే అదే రోజు అండాశయాన్ని కూడా చూసి తర్వాతి సూది ఏదో నిర్ణయించవచ్చు. ఆవును కట్టేయడానికి ఒక కొయ్య, నాకు చేతులు కడుక్కోవడానికి ఒక బకెట్ నీళ్లు ఉంటే చాలు, మిగతావన్నీ నేను తెచ్చుకుంటాను.